చెవులమ్మ విన్నది

డిస్కు ఇంకా గోరువెచ్చగానే ఉంది. చెవులమ్మ దాన్ని రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకుని ట్యూబులైటు వైపు వంచి చూసింది. మచ్చ లేదు. అంచు చుట్టూ బొటనవేలు పోనిచ్చింది. గరుకు లేదు. తిరిగే పళ్లెం మీద పెట్టి, మెత్తటి బ్రష్షుతో ఒక్కసారి దుమ్ము తుడిచి, సూది దించి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆ పొద్దున ఆమె వింటున్న ఏడో డిస్కు అది. గోడ గడియారంలో పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది.

పాట మొదలయ్యే ముందు, సూది నడిచే గాడి నాలుగు సెకన్లపాటు ఖాళీగా ఉంటుంది. మామూలు మనిషికి అందులో ఏమీ వినబడదు. డిస్కుల ఫ్యాక్టరీ చెవులమ్మను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ నాలుగు సెకన్ల కోసమే.

మళ్లీ అదే.

వినిపించింది అనడం కూడా సరికాదు. చెవికంటే ముందు దవడ ఎముకకు తెలిసే చప్పుడది. వీధి చివర ఎవరో లారీని ఇంజను ఆపకుండా నిలబెట్టి వెళ్లినట్టు, గోడ అవతల ఒక మనిషి పళ్లు బిగపట్టి మూలుగుతున్నట్టు. ఆ తర్వాత పిల్లనగ్రోవి అందుకుంది, గాయని గొంతు వచ్చింది, పాట ఆ మూలుగును కప్పేసింది. కప్పేసిందే గాని అది పోలేదు. పాట ఆగిన ప్రతిచోటా, గాయని ఊపిరి తీసుకున్న ప్రతిసారీ, కింద అది అలాగే ఉంది.

చెవులమ్మ సూది ఎత్తేసింది. ఈ డిస్కుల జతకు నాలుగు వైపులు. గాయని మార్పులు పంపుతూ ఉండటంతో వాటిని వారానికొకటి చొప్పున నాలుగు వారాల్లో కోశారు. మొదటి వైపు తేటగా ఉంది. రెండోదాంట్లో ఏదో అనుమానం. మూడోది వింటున్నప్పుడు ఆమె తలనొప్పి అనుకుని ఇంటికెళ్లి మాత్ర వేసుకుంది. ఈ నాలుగోదాంట్లో ఇక అనుమానమేమీ లేదు.

ఆ చప్పుడు గాయనిది కాదు. సంగీతానిది కాదు. ఈ భవనానిది.

ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పై అంతస్తులో గాడి మాస్టారు పాటను మెత్తటి నల్ల పలక మీద సన్నటి గాడిగా కోస్తాడు. ఆ పలక నుంచి లోహపు అచ్చు తీస్తారు. కింద హాల్లో ఆవిరి వేడికి మెత్తబడ్డ నల్లటి ముద్దను ఆ అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సు నొక్కితే డిస్కు అవుతుంది. పలక కోసేటప్పుడు గది అదిరితే ఆ అదురు కూడా గాడిలోకి ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే అచ్చులోకి, అచ్చులోంచి వేల డిస్కుల్లోకి.

నెల రోజులుగా ఈ భవనం ఏదో చెబుతోంది. ఆ సంగతి డిస్కుల్లో అచ్చవుతోంది.

ఇరవై రెండేళ్ల వయసులో ఆమె ఇక్కడ డిస్కులకు అట్టలు తొడిగే పనిలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం వినేగది తలుపు తెరిచి ఉంటే లోపల తిరుగుతున్న పాట విని, "అయ్యగారూ, ఇందులో దోమ ఉందండీ" అంది. అప్పట్లో వినే ఉద్యోగం చేసే పెద్దాయన నవ్వాడు. నవ్వి, భూతద్దం పెట్టి చూస్తే అచ్చు మీద తల వెంట్రుకంత గీత కనబడింది. మరుసటి నెల ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆమె చెవులమ్మ. ఆమె ముందర ఎవరూ గుసగుసలాడరు, లాభం లేదని.

డిస్కుల కాలం పోయి క్యాసెట్లు వచ్చాయి. అవీ పోయి సీడీలు వచ్చాయి. తర్వాత పాటలు గాలిలో కలిశాయి. ఎవరూ దేన్నీ చేత్తో పట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఫ్యాక్టరీ తొమ్మిదేళ్లు ప్లాస్టిక్ బకెట్లు చేసింది. ఆ తొమ్మిదేళ్లూ చెవులమ్మ బకెట్లను వేలి కణుపుతో తట్టి, పగులున్న వాటిని పక్కన పెట్టింది. నాలుగేళ్ల కిందట, ఎందుకో ఎవరికీ సరిగ్గా అంతుబట్టలేదు గాని, జనం మళ్లీ డిస్కులు అడగడం మొదలుపెట్టారు. తుప్పు పట్టిన పన్నెండు ప్రెస్సుల్లో ఐదింటిని బాగుచేశారు. వాటికి ఆవిరి పంపే బాయిలరుకు రంగు వేశారు. చెవులమ్మ బకెట్ల దగ్గరనుంచి లేచి వచ్చి, తన పాత కుర్చీ మీద బూజు దులుపుకుని కూర్చుంది.

ఆమె ఇంట్లో మాత్రం డిస్కు వేసుకునే పెట్టె లేదు. ఎప్పుడూ కొనలేదు. ఇంటికి వెళ్లాక ఆమెకు కావలసింది చప్పుడు లేకపోవడం. అందుకు మొగుడు చక్కగా సరిపోయాడు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి, ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆయన రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. "దేవుడు మన ఇద్దరికీ కలిపి ఇచ్చిన చెవులు మొత్తం నువ్వే పెట్టుకున్నావే" అంటాడు. ఆ మాట కూడా కేక పెట్టినట్టే అంటాడు.

ఆ పొద్దున కూతురు ఫోన్ చేసింది. ఊరికి అటు చివర, మందుల దుకాణంలో పని చేస్తుంది. మాటల్లో ఈ గాయని ప్రస్తావన వచ్చింది.

"శుక్రవారం వస్తున్నాయటగా అమ్మా ఆ పాటలు! నేను అర్ధరాత్రే దించుకుంటా."

"మేం డిస్కు చేస్తున్నామే. నీకోటి తెస్తాలే."

"అది నేనేం చేసుకోనమ్మా? ఎక్కడ పెట్టను? పాట ఎక్కడుంటే ఏంటి, వినబడితే చాలదా?"

చెవులమ్మ "చాలులే" అని పెట్టేసింది. బస్సులో వస్తున్నంతసేపూ ఆ ప్రశ్న ఆమెతోపాటే కూర్చుంది. సరిచూసుకోవడానికి మేనేజరు ఆమెకు డౌన్‌లోడుకు వెళ్లే ఫైలు కూడా ఇచ్చాడు. అందులోనూ పాటకు ముందు నాలుగు సెకన్లు ఉన్నాయి. ఆ నాలుగు సెకన్లలో ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. ఆ పాట చుట్టూ గది లేదు, గోడలు లేవు, కింద నేల లేదు. అది తప్పని ఆమె అనలేదు. కాని అది విన్నప్పుడల్లా ఆమెకు మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోయినట్టు ఉంటుంది.

లోపమున్న డిస్కును ఆపమని రాసే ఎర్ర చీటీ మీద ఏమీ రాయకుండానే ఆమె లేచి గాడి మాస్టారి గదికి వెళ్లింది.

గాడి మాస్టారు నలభై దాటిన మనిషి. సన్నగా, వంగి, ఎప్పుడూ గొంతుకు మఫ్లరు చుట్టుకుని ఉంటాడు. యంత్రం ముందు దగ్గడానికి కూడా భయపడతాడు.

"మాస్టారూ, నాకోసం ఒక పని చెయ్యండి. పాట లేకుండా ఉత్త గాడి కోయండి. రెండు నిమిషాలు చాలు."

"ఉత్త గాడా? ఎందుకండీ?"

"విందామని."

అతను ఆమె మొహం చూసి కొత్త పలక బిగించాడు. సూదికొన పలకను తాకింది. వెంట్రుక కంటే సన్నటి నల్లటి తీగ గాడిలోంచి లేచి గొట్టంలోకి పోసాగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కింద హాల్లో ప్రెస్సులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటున్న దెబ్బలు నేలలోంచి తెలుస్తున్నాయి.

కోసిన పలకను వేరే పళ్లెం మీద పెట్టి వేశారు. గాడి మాస్టారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. "నాకేం తెలియడం లేదండీ." చెవులమ్మకు మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. మూలుగు ఇప్పుడు ఒక్క తీరుగా లేదు. మధ్యమధ్య గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగి, గరగరమని మళ్లీ అందుకుంటోంది. కింద ప్రెస్సు మూసుకుని ఆవిరి లాగిన ప్రతిసారీ అది చిక్కబడుతోంది.

"సూక్ష్మదర్శినిలో చూడండి."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. నిటారుగా సాగాల్సిన ఉత్త గాడి, నీళ్లలో పాము పోయినట్టు మెలికలు తిరిగి ఉంది.

"అమ్మో" అన్నాడు నెమ్మదిగా. "ఇది నా యంత్రం కాదండీ. కిందనుంచి వస్తోంది."

వాళ్ల గది కింద ఉన్నది బాయిలరు.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక చెవులమ్మ పెరట్లోంచి చుట్టూ తిరిగి, పదకొండు ఇనుప మెట్లు దిగి బాయిలరు గదిలోకి వెళ్లింది. బాయిలరు మనిషి ఎత్తుపీట మీద కూర్చుని, మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. తలుపు పక్కన టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా ఉంది. ఆమె ఉద్యోగంలో చేరేనాటికే ఆయన ఇక్కడ ఉన్నాడు. ఆమెను చెల్లెమ్మా అంటాడు. ఆమె పెళ్లికి వాళ్లింటి బస్తాలు, కుర్చీలు మోసింది ఈయనే.

"రా చెల్లెమ్మా. ఇంత వేడిలోకి దిగావేంటి?"

"అన్నా, నీ బాయిలరు మూలుగుతోంది."

"మూలగదూ? నా వయసే దానికీ." నవ్వాడు. "లోపలికి నీళ్లు తోడే పంపులే అది. బేరింగు అరిగింది. చెప్పా పైన. చూద్దామన్నారు."

ఆమె గోడకు ఆనించి ఉన్న చీపురు తీసుకుని, దాని కర్ర ఒక కొస పంపుకు, రెండో కొస చెవికి ఆనించింది. లోపల ఇనుప గుండ్లు ఇసకలో దొర్లుతున్నట్టుంది. కర్రను బాయిలరు పొట్టకు ఆనించింది. నీళ్లు మరిగే చప్పుడు ఆమెకు గుర్తే. పెద్ద గుంపు ఒక్కసారి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ గుంపు పలచబడినట్టుంది.

"నీళ్లు సరిగ్గా ఉన్నాయా అన్నా?"

"అదుగో, కళ్లెదురుగానే ఉందిగా." ఆయన గోడవైపు ఉన్న గాజుగొట్టం చూపించాడు. బాయిలరులో నీళ్లు ఎంతవరకు ఉంటే గొట్టంలోనూ అంతవరకు కనబడతాయి. సగానికి పైగానే ఉన్నాయి.

చెవులమ్మ దాని ముందు నిలబడి చూసింది. ఆమెకు అందులో ఏదో నచ్చలేదు. ఏమిటో వెంటనే తెలియలేదు.

"ఇంత కదలకుండా ఉన్నాయేంటి నీళ్లు?"

"కొత్త గాజు. పోయిన నెలే బిగించారు." ఆయన గొంతులో కాస్త కినుక వినిపించింది. "నలభై ఏళ్లుగా దీని ముందే కూర్చున్నా చెల్లెమ్మా. పాట నీది, నీళ్లు నావి."

ఆమె చీపురు తీసినచోటే పెట్టి మెట్లెక్కింది.

మేనేజరు గది గేటు పక్కన, విడిగా ఉంటుంది. అతను చెడ్డవాడు కాదు. ఈ ఫ్యాక్టరీ మళ్లీ తెరిపించడానికి ఊరంతా తిరిగినవాడు. నాలుగు నెలలుగా సరిగ్గా నిద్రలేక కళ్ల కింద నల్లగా వాచి ఉంది. చెవులమ్మ ఎర్ర చీటీ బల్ల మీద పెట్టింది.

"నాలుగో వైపు ఆపాలి సార్."

అతను డిస్కు వేసి విన్నాడు. కంప్యూటరు తెరమీద పచ్చటి గీత చూశాడు. గీతను వేలితో చూపించాడు. "చూడండమ్మా. హద్దుకు ఎంత కిందుందో."

"గీతకు చెవుల్లేవు కదండీ."

"చెవుల మాటకొస్తే..." అతను ఆగాడు. చెప్పడం ఇష్టం లేకుండానే చెప్పాడు. "పోయిన నెల పరీక్షలో మీకు పైస్వరాలు తగ్గాయని డాక్టరు రాశాడు. నేను ఆ కాగితం ఎవరికీ చూపించలేదు."

"పైవి తగ్గాయి సార్. నేను చెప్పేది కిందది."

అతను మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "పంపు పాతది. నాకూ తెలుసు. ఈ శనివారం దాటాక విప్పిద్దాం. శుక్రవారం డౌన్‌లోడు వస్తుంది, అదే పొద్దున డిస్కులు దుకాణాల్లో ఉండాలి. ఒక్కరోజు వెనకబడ్డామంటే దుకాణాలవాళ్లు మళ్లీ మన మొహం చూడరు. మళ్లీ బకెట్లే. అసలు నిజం చెప్పనా? డిస్కు కొనేవాళ్లలో సగం మందికి ఇంట్లో వేసుకునే పెట్టే లేదు. గోడకు పెట్టుకుంటారు. పాట ఫోన్లోనే వింటారు."

"మరి నేను ఎవరికోసం వింటున్నట్టు?"

అతను ఎర్ర చీటీ తీసుకుని దానిమీద అడ్డంగా సంతకం చేసి, పని సాగనివ్వమని రాశాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఆమె చీటీని ఒకరు కొట్టేయడం అదే మొదటిసారి.

చెవులమ్మ ఆ కాగితం పట్టుకుని ప్రెస్సుల హాల్లోకి వచ్చింది. ఐదు ప్రెస్సులూ నడుస్తున్నాయి. నల్లటి ముద్ద, కాగితపు బిళ్ల, నొక్కు, ఆవిరి బుస్సుమనడం, చల్లటి నీళ్లు, తెరుచుకోవడం, కొత్త డిస్కు. ఇరవై మందికి పైగా అక్కడ ఉన్నారు. ఒకరు అంచులు కోస్తున్నారు, ఒకరు అట్టలు తొడుగుతున్నారు, ఎవరో ఏదో అంటే ఎవరో పకపకా నవ్వుతున్నారు. ఆమె చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో సిమెంటు నేలమీద నిలబడింది. ప్రెస్సు ఒక్కొక్కటి మూసుకున్నప్పుడల్లా పాదాల కింద ఆ మూలుగు లావెక్కింది. అందరి కాళ్ల కిందా అదే నేల. ఒక్కరూ కిందికి చూడటం లేదు.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఎందుకు చేసిందో అడిగితే సరిగ్గా చెప్పగలిగేది కాదు. ప్రెస్సులు ఆవిరి లాగకుండా ఉంటే ఆ చప్పుడు సర్దుకుంటుందేమో అనుకుంది. అంతవరకే ఆమెకు తెలుసు. మూలనున్న బల్ల మీద నాలుగో వైపు అదనపు అచ్చులు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మీద తాళంచెవి పెట్టి మధ్యనుంచి అంచుదాకా గీసింది. తర్వాత ఒకటో ప్రెస్సు దగ్గరకు వెళ్లి, అది తెరుచుకున్నప్పుడు ఆపే మీట నొక్కి, లోపలి అచ్చును గీసింది. రెండోది. మూడోది. నాలుగో ప్రెస్సు దగ్గర పనిచేసే ఆమె వచ్చి చెవులమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా! పిచ్చెక్కిందా నీకు?"

"తప్పుకో అమ్మా" అంది చెవులమ్మ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అద్దంలా మెరిసే ఆ అచ్చుల మీద వేలిముద్ర పడితేనే ఆమె ఒకప్పుడు ఊరుకునేది కాదు.

మేనేజరు పరిగెత్తుకొచ్చేసరికి ఐదూ ఆగిపోయి ఉన్నాయి. అతను అరవలేదు. అరిచినా బాగుండేది. అచ్చులను ఒక్కొక్కటిగా తీసి చూసి, కింద పెట్టి, "రేపట్నుంచి రాకండమ్మా" అన్నాడు. కొత్త అచ్చులు రావడానికి రెండు రోజులు పడుతుంది. ఈలోగా హాల్లో ఎవరికీ పని లేదు. బాయిలరు మనిషిని తప్ప, గాడి మాస్టారితో సహా అందరినీ మూడున్నరకే ఇళ్లకు పంపేశాడు. కొందరు ఆమెను తిట్టుకుంటూ వెళ్లారు. కొందరు ఆమెవైపు చూడకుండా వెళ్లారు. అట్టలు తొడిగే ఇద్దరు మాత్రం సగం రోజు సెలవు దొరికిందని చంకలు గుద్దుకున్నారు.

బస్సు స్టాపు గేటుకు అవతల, ఫ్యాక్టరీ ప్రహరీగోడను ఆనుకునే ఉంది. ఎండ చురుక్కుమంటోంది. పదిమంది వరసలో నిలబడ్డారు. చెవులమ్మ నాలుగో ప్రెస్సు ఆమె వెనక నిలబడి గొడుగు వేసుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి ఆయనకు ఈ సంగతి ఎంత గట్టిగా అరిచి చెప్పాలో, అరిస్తే పక్కింటివాళ్లందరికీ ఎలా తెలిసిపోతుందో ఆలోచించుకుంటోంది.

"ఎందుకు చేశావక్కా?" అడిగింది ముందున్నామె, వెనక్కి తిరక్కుండానే.

"చప్పుడు బాగాలేదు."

"డిస్కులోనా?"

"కాదు."

అలసటగా ఉండి గోడకు అరచెయ్యి ఆనించింది. ఇటుకలు ఎండకు కాలుతున్నాయి. చెయ్యి అక్కడే ఉంచింది. అదురు లేదు. ముందు ఊరటగా అనిపించింది. ప్రెస్సులు ఆగాయి, సర్దుకుంది, అనుకుంది. మరుక్షణం ఆ ఊరట పోయింది. సర్దుకోలేదు. ఆగిపోయింది. మూలిగేది నీళ్ల పంపు. పంపు ఆగిపోయింది.

ఆమె తలెత్తి పొగగొట్టం చూసింది. పొగ వస్తోంది. కొత్త అచ్చులు వచ్చేదాకా వేడి చల్లారకూడదని బాయిలరు మనిషి సన్నమంట ఉంచాడు.

గాజులో కదలని నీళ్లు ఆమె కళ్లముందు నిలిచాయి. బాయిలరు మరుగుతుంటే గాజులో నీళ్లు వణకాలి. నలభై ఏళ్లుగా అవి వణకని రోజు లేదు. వణకడం లేదంటే ఆ నీళ్లకూ లోపలి నీళ్లకూ సంబంధం తెగిపోయింది. ఎక్కడో గొట్టం పూడిపోయింది. లోపల ఎంతుందో, అసలు ఉందో లేదో, ఎవరికీ తెలియదు. ఆయన ఆ గాజు చూసుకుంటూ నిశ్చింతగా మంట దగ్గరే కూర్చున్నాడు.

గొడుగు మూసి, వరసలో తను నిలబడ్డచోట స్టాపు కమ్మీకి తగిలించింది.

"నా చోటు చూస్తుండమ్మా. ఇప్పుడే వస్తా."

గేటుదగ్గర కాపలామనిషి అడ్డం వచ్చాడు. మిమ్మల్ని లోపలికి రానివ్వద్దన్నారమ్మా, అన్నాడు ఇబ్బందిగా. "అన్న దగ్గర డబ్బా మరిచిపోయాను" అంది. ఆ రోజు ఆమె ఆడిన అబద్ధాల్లో అది మొదటిది.

రెండోది పదకొండు మెట్లు దిగాక ఆడింది.

"అన్నా, మేనేజరుగారు నిన్ను రమ్మంటున్నారు."

"నన్నా? మంట ఉండగా ఎలా వస్తా?" ఆయన పీటమీదనుంచి కదల్లేదు. "చెల్లెమ్మా, నువ్వు చేసింది విన్నా. నాకు నచ్చలేదు."

"నచ్చద్దులే. తర్వాత తిడుదువుగాని. ముందు వెళ్లు, ఆయన కోపంగా ఉన్నారు. నువ్వొచ్చేదాకా నేను ఇక్కడ కూర్చుంటా."

నిజం చెబితే ఆయన కదలడని ఆమెకు తెలుసు. గాజు చూపిస్తాడు. వాదిస్తాడు. నిప్పు ఉండగా ఈ గది ఖాళీగా వదిలి రాడు. ఆయన చేతిలో ఉద్యోగం పెట్టిననాడు చెప్పిన మొదటి మాట అదేనట. నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

"ఏదీ ముట్టుకోకు" అన్నాడు. కమ్మీ పట్టుకుని మెట్లెక్కసాగాడు. మంచి కాలు, తర్వాత చెడ్డ కాలు. మంచి కాలు, చెడ్డ కాలు. ఐదో మెట్టుమీద ఆగి ఊపిరి తీసుకున్నాడు. చెవులమ్మ పీటమీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన అడుగులు వింది. ఇప్పుడే నూనె ఆపితే మంట చప్పుడు ఆగుతుంది, ఆయన వెనక్కి దిగొస్తాడు. తొమ్మిది. పది. పదకొండు. పెరట్లో కంకర మీద కుంటి నడక దూరమైంది. గేటువైపు మలుపు తిరిగింది. ఇక వినబడలేదు. ఆమెకు వినబడలేదంటే ఆయన బాగా దూరం వెళ్లినట్టే.

ఆమె లేచి, నూనెగొట్టం మీది ఎర్ర చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. గట్టిగా ఉంది. ఇంకాస్త తిప్పింది. మంట రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది.

గది నిశ్శబ్దమైంది. ఇన్నేళ్లలో ఆ గది నిశ్శబ్దంగా ఉండగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఇక మెట్లెక్కాలి. ఒక కాలు మొదటి మెట్టుమీద పెట్టింది. వెనక, బాయిలరు లోపల, ఇనుము సన్నగా టిక్కుమంది. చెవులమ్మ తల ఒక పక్కకు వంచింది.

అదే సమయంలో బాయిలరు మనిషి మేనేజరు గది గుమ్మంలో నిలబడి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "పిలిచారటండీ" అన్నాడు.

"నేనా? లేదే" అన్నాడు మేనేజరు.

బాయిలరు పేలిన చప్పుడు గురించి తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పుకున్నారు. రైలు వంతెన కూలిందనుకున్నామన్నారు కొందరు. వినేగది, గాడి మాస్టారి గది, ప్రెస్సుల హాలు సగం, బాయిలరు ఉన్న గొయ్యిలోకి దిగిపోయాయి. హాల్లో ఒక్కరూ లేరు. చెవులమ్మ మొగుడు ఇంట్లో గోడకు చేరగిలబడి పేపరు చదువుకుంటున్నాడు. ఆయనకు చప్పుడు వినబడలేదు. వీపుకు గోడ ఒకసారి తగిలినట్టయింది. పక్కింటివాళ్లేదో మేకు కొడుతున్నారనుకుని పేజీ తిప్పాడు.

పరీక్షించే అధికారి రెండు రోజులు శిథిలాల్లో తిరిగాడు. గాజుగొట్టం కింది రంధ్రం నీళ్లలోని సున్నం పేరుకుని పూర్తిగా పూడిపోయి ఉందని, పంపు పట్టేసిందని, లోపల నీళ్లు ఎప్పుడో అడుగంటి ఇనుము ఎర్రగా కాలిందని చెప్పాడు. నూనె చక్రం దొరికింది. మూసే ఉంది.

"ఎవరో సరైన పనే చేశారు" అన్నాడు. "ఓ రెండు నిమిషాల ముందు మూసి ఉంటే బతికేవాళ్లు."

బాయిలరు మనిషి అక్కడే, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఆ పదకొండు మెట్లూ ఎక్కడానికి నాకు రెండు నిమిషాలు పడుతుందండీ" అన్నాడు. అధికారికి అర్థం కాలేదు. మేనేజరుకు అర్థమై బయటికి వెళ్లిపోయాడు.

పాటలు శుక్రవారం రావలసిన సమయానికే వచ్చాయి. ఊరంతా ఫోన్లలో విన్నారు. బాగున్నాయన్నారు. కూతురు తండ్రి పక్కన కూర్చుని ఒక పాట పెట్టి, ఆయన వినలేడని గుర్తొచ్చి, ఆయన అరచేతిలో ఫోను పెట్టింది. ఆయన కాసేపు పట్టుకుని, "ఏమీ తెలియడం లేదే" అన్నాడు.

ప్రమాదం జరిగిన సాయంత్రం స్టాపు దగ్గరికి బస్సు రాలేదు, రోడ్డు మూసేశారు. మర్నాడు వచ్చింది. ఫ్యాక్టరీ లేకపోయినా ఆ వీధిలో మిగతా దుకాణాలవాళ్లు ఎప్పటిలాగే వచ్చి వరసలో నిలబడ్డారు. నాలుగో ప్రెస్సు ఆమె ఒకరోజు తన సామాను కోసం వచ్చి, తిరిగి వెళ్తూ అదే వరసలో నిలబడింది. వెనక నిలబోయిన మనిషిని కాస్త జరగమంది. అతను ఎందుకని అడగలేదు, ఒక అడుగు వెనక్కి వేశాడు. వాళ్లిద్దరి మధ్య, కమ్మీకి తగిలించి, ఇటుకపొడి పట్టిన నల్లటి గొడుగు ఒక మనిషి పట్టేంత చోటు ఆపి ఉంచింది.